అణగారినవారా, అణచబడినవారా?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో 'అణచివేత' అనే మాట ఈమధ్య దేనికి పడితే దానికి వస్తోంది. పోలీసులు ఆందోళనకారులను చెదరగొడితే అణచివేత. తరాలుగా ఒక కులాన్ని ఊరి బావి దగ్గరికి రానివ్వకపోయినా అణచివేతే. ఆఖరికి స్కూలు యూనిఫాం నిబంధనకూ అదే మాట. ఇక్కడ చెన్నైలో తమిళ పత్రికలు మొదటిదానికి ఎక్కువగా 'అడక్కుముఱై' అని, రెండోదానికి 'ఒడుక్కుముఱై' అని రాస్తాయి. తెలుగు చేసేటప్పుడు రెండూ ఒకే మాటలో కలిసిపోతున్నాయి.

మనకు మాటలు లేక కాదు. 'పీడన' ఉంది. నొక్కడం, పిండడం అని ఆ సంస్కృత ధాతువుకు అర్థం. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నప్పుడు ఉన్నదీ అదే. గాలి బరువు ఎప్పుడూ మన మీద ఉన్నట్టే, పీడన కూడా ఒక్క రోజు సంఘటన కాదు. కాబట్టి ఉద్యమం, తిరుగుబాటు వంటివాటిపై చర్యకు అణచివేత అనీ, ఏళ్ల తరబడి సాగేదానికి పీడన అనీ రాస్తే గందరగోళం తగ్గుతుంది. కులం అడిగి ఇల్లు అద్దెకివ్వకపోతే వివక్ష, కూలి ఎగ్గొడితే దోపిడీ, కొడితే దౌర్జన్యం. ఇవన్నీ ఒకే వర్గం మీద, ఎదురుచెప్పే వీల్లేకుండా సాగినప్పుడు పీడన.

ఎస్సీ, ఎస్టీల కోసం 1989లో వచ్చిన చట్టాన్ని 'అత్యాచారాల నిరోధక చట్టం' అంటున్నారు. ఇవాళ అత్యాచారం అనగానే పాఠకుడికి తోచేది లైంగిక దాడి ఒక్కటే. భూమి లాక్కోవడం, దారికి అడ్డుపడటం, కులం పేరుతో నలుగురిలో అవమానించడం కూడా అందులో నేరాలేనని ఆ పేరు చూస్తే తట్టదు. కన్నడంలో 'దౌర్జన్య' అనే పెట్టుకున్నారు. మనమూ దౌర్జన్యాల నిరోధక చట్టం అనవచ్చు.

అన్నిటికన్నా బాధపెట్టేది 'అణగారిన వర్గాలు'. వాన పడితే దుమ్ము దానంతటదే అణగుతుంది. అణచాలంటే ఒకరు పూనుకోవాలి. అణగారిన అనగానే తొక్కినవాడు వాక్యంలోంచి తప్పుకుంటాడు. 'అణచివేతకు గురయ్యారు' అన్నా అంతే. 'గుడి ప్రవేశానికి నోచుకోని కులాలు' మరీ అన్యాయం, నోము ఫలం దక్కనట్టు! మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆలయ ప్రవేశ చట్టం చేయాల్సి వచ్చిందంటే గుమ్మంలో మనుషులు అడ్డం నిలబడ్డారు కనుకే. 'ఫలానావారు గుడిలోకి రానివ్వలేదు' అని రాయడానికి చోటు కూడా ఎక్కువ పట్టదు.

ఇలాంటి వార్త డెస్కుకు వచ్చినప్పుడు ఎవరు, ఎవరిని, ఏం చేయనివ్వకుండా, ఎంతకాలంగా అన్న నాలుగూ ఉన్నాయేమో చూడండి. మొదటిది లేకపోతే విలేకరికి ఫోన్ చేసి అడిగాకే అచ్చు వేయండి.

ఇట్లు,
కొందరు తెలుగు అనువాదకులు,
పెరంబూరు, చెన్నై