స్టీరింగ్ దిగిన ఏడాది

మార్కాపురం,
కనుమ వెళ్లిన మూడో రోజు.

చిరంజీవి బుజ్జమ్మను నాన్న ఆశీర్వదించి రాయునది.

'ఇక్కడ మేమందరం క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాం' అని ఉత్తరం మొదలుపెట్టాలని మా నాన్న నేర్పాడు. ఈసారి ఆ మాట రాయకుండానే మొదలుపెడుతున్నాను. పోయిన ఏడాదంతా ఎవరు పలకరించినా క్షేమమనే చెప్పాను. చాలా రోజులు అది అబద్ధం.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు "తిన్నావా నాన్నా" అంటావు, నేను "తిన్నానమ్మా" అంటాను, మాట అక్కడితో అయిపోతుంది. దసరా నుంచి ఆ కాస్త మాట కూడా తగ్గింది. అందుకే నోట్‌బుక్ తీసుకుని కూర్చున్నాను. అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి, గీత దాటి కిందికి జారుతున్నాయి. ఎక్కువగా కుడి కంటితోనే రాస్తున్నాను, ఏమనుకోకు.

దసరా రోజు నిన్ను అన్న మాటలు నాకు ఇప్పటికీ చెవుల్లో తిరుగుతున్నాయి. మే నెలలో ఉద్యోగం పోతే అక్టోబరు దాకా చెప్పవా, మేం చచ్చామనుకున్నావా అని అరిచాను. పండగ పూట మీ అమ్మ ఏడ్చింది. నువ్వు బ్యాగు సర్దుకుంటూ ఒకే మాట అన్నావు. "నీకేదైనా కష్టమొస్తే నువ్వు మాకు చెప్పావా నాన్నా ఎప్పుడైనా?" నేను మాట్లాడలేదు. కోపంతో మాట్లాడలేదని మీరిద్దరూ అనుకున్నారు. కోపం కాదమ్మా. నువ్వు తెలియక అన్న మాట సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది.

నా కళ్ల సంగతి జూన్‌లో బయటపడిందని నీకు తెలుసు. నాకు మాత్రం దానికి ఆరు నెలల ముందే తెలుసు. ఇది మీ అమ్మకి కార్తీకమాసంలో చెప్పాను. నీకు ఇప్పుడు చెబుతున్నాను.

అంతకు ముందు డిసెంబరులో మొదలైంది. ఎడమ కంట్లో నల్లటి దారం ముక్క తేలుతున్నట్టు ఉండేది. కన్ను తిప్పితే అదీ తిరిగేది. రాత్రిపూట ఎదురు బండి లైటు పడితే వెలుగు చెదిరి రోడ్డంతా పరుచుకునేది. నిద్ర చాలక అనుకున్నాను. అనుకున్నాను అని రాస్తున్నాను గానీ, అలా అనుకోవాలని నాకు నేనే చెప్పుకున్నాను. పదకొండేళ్లుగా షుగర్ ఉన్న మనిషిని. బస్సు డ్యూటీ ఉన్నప్పుడు మాత్ర వేసుకుంటే కళ్లు తిరుగుతాయని మానేసేవాణ్ణి. నైట్ అవుట్‌లో నిద్ర రాకుండా పంచదార ఎక్కువ వేయించుకుని టీ తాగేవాణ్ణి. కంటి పరీక్షకు పిలిచినప్పుడు నా ముందు నిలబడ్డవాళ్లు చదువుతుంటే ఆ బోర్డు మీది అక్షరాలు వరసగా గుర్తుపెట్టుకున్నాను. నా వంతు వచ్చినప్పుడు అప్పజెప్పాను. చూసి చదవలేదు.

జనవరిలో ప్రమాదం చేయని డ్రైవర్లకు ప్రశంసాపత్రాలు ఇచ్చారు గుర్తుందా? ఆ ఫోటో నువ్వు వాట్సాప్‌లో స్టేటస్ పెట్టుకున్నావు. శాలువా కప్పిన సార్ ముఖం నాకు మసగ్గానే కనపడింది. ఆ మర్నాడు కూడా బండి తీశాను. ఆ పత్రం మీ అమ్మ హాల్లో తగిలించింది. మొన్న దాన్ని దించి బీరువాలో పెట్టాను. ఎందుకు దించావని అడగొద్దని మీ అమ్మకి చెప్పాను, ఆమె అడగలేదు.

ఎందుకు దాచానో రాయాలి. డబ్బు ఒక కారణం. నీ చదువు లోను ఇంకా ఉంది, ఇంటి మీద అప్పు ఉంది. కానీ డబ్బే అయితే నీకు చెప్పేవాణ్ణి. 1996లో స్టీరింగ్ ఎక్కాను. అప్పటినుంచి ఈ ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ, 'డ్రైవరన్నా' అనేవాళ్లే ఎక్కువ. 2020 జనవరి 1న మా ఆర్టీసీ వాళ్లను ప్రభుత్వంలో కలిపినప్పుడు నాయనమ్మ పాయసం చేయించింది చూడు, ఆ రోజు నాకంటే ఆమె ఎక్కువ పొంగిపోయింది. దిగిపోతే నేను ఎవరిని అనే భయం. ఆ భయం ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను.

నాయనమ్మ ఉగాదికి ముందు పోయింది. చివరి రెండేళ్లు ఆమెకి చూపు ఆనలేదు కదా. ముసలి చూపు అని అందరం అనుకున్నాం, శుక్లాలు తీయించాం, అయినా రాలేదు. ఆమెకీ షుగరే. మనిషి వచ్చిన అడుగుల చప్పుడు విని నన్ను గుర్తుపట్టేది. పాడె దగ్గర నిలబడి ఉన్నప్పుడు నాకు ఏడుపుతో పాటు ఇంకొకటి వచ్చింది. నాది కూడా ఇదే దారి అని. అయినా పదకొండో రోజు అయిపోగానే వెళ్లి డ్యూటీ ఎక్కాను.

ఇక జూన్ సంగతి.

శ్రీశైలం నుంచి సాయంత్రం దిగుతున్నాను. రాత్రి తొమ్మిది దాటితే అడవి గేట్లు వేసేస్తారు, పొద్దున ఆరుకి గాని తీయరు. అందుకని ఆ ట్రిప్పు ఎప్పుడూ కాస్త తొందరగానే ఉంటుంది. సన్న చినుకు. వెలుతురు పోయీ పోనట్టు ఉంది, నా కళ్లకు అన్నిటికంటే కష్టమైన వేళ అది. ఒక మలుపు తిరిగాక కండక్టర్ తమ్ముడు "అన్నా!" అని కేక పెట్టాడు. అతను ఎందుకు అరిచాడో నాకు కనపడలేదు. కేక విని బ్రేక్ తొక్కాను. బండి ఆగాక లైట్ల వెలుగులో చూస్తే బారెడు దూరంలో మోటారు సైకిలు. మొగుడూ పెళ్లాం, మధ్యలో నాలుగేళ్ల పాప. వెనక లైటు లేదు. చైన్ ఊడితే పక్కకు తీసి సరి చేసుకుంటున్నారు.

ఎవరికీ ఏమీ కాలేదు బుజ్జమ్మా. కానీ ఆ అబ్బాయి లేచి వచ్చి నా కిటికీ కింద నిలబడి రెండు చేతులూ జోడించాడు. "తప్పు నాదే సార్, లైటు పోయింది, చూసుకోలేదు" అన్నాడు. నేను ఒక్క మాట అనలేకపోయాను. తప్పు అతనిది కాదని చెప్పలేదు. ఇప్పటికీ రాత్రిళ్లు మెలకువ వస్తే ఆ జోడించిన చేతులే కనపడతాయి. ఆ పాప వేసుకున్న గౌను రంగు కూడా చెప్పలేను నేను.

అక్కడినుంచి దోర్నాల దాకా రెండో గేరులోనే తెచ్చాను. నిజానికి అంత దూరం కూడా తేకూడదు. బస్టాండ్‌లో ఆపి, నా వల్ల కాదు, నాకు చూపు ఆనడం లేదు అని కంట్రోలర్‌కి చెప్పాను. ఇంకో డ్రైవర్ వచ్చి బండి తీశాడు. నేను వెనక సీట్లో కూర్చుని మార్కాపురం వచ్చాను. కండక్టర్ తమ్ముడు పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు. అతనికీ ముందునుంచీ అనుమానం ఉందట. అతనూ చెప్పలేకపోయాడు.

తర్వాతది నీకు చాలావరకు తెలుసు. మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కి విజయవాడ వెళ్లడం, కంట్లో చుక్కలు వేసి గంటసేపు కూర్చోబెట్టడం, స్కాన్. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే కంటి వెనక పొరలో వెంట్రుక కంటే సన్నని రక్తనాళాలు దెబ్బతిని కారతాయని డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. నొప్పి ఉండదట. నొప్పి ఉండదు కాబట్టే ఎవరూ రారు, వచ్చేసరికి ఆలస్యమైపోతుంది అంది. షుగర్ ఉందని తెలిసిన రోజు నుంచీ ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని కళ్లు చూపించుకోవాలట. పదకొండేళ్లలో నేను ఒక్కసారి చేయించుకోలేదు. పోయిన చూపు మొత్తం తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికే ఇదంతా అని దాచకుండా చెప్పింది. అలా నేరుగా చెప్పినందుకు ఆమె మీద నాకు గౌరవం కలిగింది.

కంట్లో సూది అంటే చాలా భయపడ్డాను. ముందు మందు చుక్కలతో మొద్దుబారుస్తారు, సూది రెండు మూడు క్షణాలే. ఇప్పటికి నాలుగు అయ్యాయి, లేజర్ ఒకసారి అయింది. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అప్పట్లో 10.4. మొన్న 7.6కి దిగింది. మోటారు సైకిలు అమ్మేశాను, బస్టాండ్‌కి రోజూ నడిచే వెళ్తున్నాను. రాత్రి జొన్నరొట్టె. మాత్ర ఒక్కపూట కూడా మానలేదు.

ఒక విషయం మాత్రం నీతో ఎలా అనాలో తెలియక ఇన్నాళ్లూ ఆగాను. జూలైలో మొదటి సూదికి నువ్వు డబ్బు పంపావు. అప్పటికి నీకు ఉద్యోగం పోయి రెండు నెలలు. "బోనస్ వచ్చింది నాన్నా" అన్నావు. ఆ డబ్బు ఎక్కడిది తల్లీ? క్రెడిట్ కార్డు మీద తీశావా? దసరా రోజు నాకు నిజంగా వచ్చిన కోపం అది. నువ్వు దాచావని కాదు. నేను దాచిన దానికి ఖర్చు నువ్వు దాచుకుని కట్టావు. అది మింగుడుపడక నీ మీద అరిచాను. నన్ను క్షమించు. తండ్రి కూతుర్ని క్షమించమని అడగకూడదని మీ మేనత్త అంటుంది. ఆమె మాట ఆమెది.

సెప్టెంబరులో నన్ను స్టీరింగ్‌కి పనికిరానని తేల్చి కాగితం ఇచ్చారు. ఇంటికి పంపేస్తారని భయపడ్డాను. మా యూనియన్ పెద్దాయన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కాగితాలు తెచ్చి కూర్చోబెట్టి చదివి వినిపించాడు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ ఆ మనిషిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, అదే జీతం స్థాయిలో చేయగలిగిన వేరే పనికి మార్చాలి అని అందులో ఉంది. అలాగే మార్చారు. నైట్ అవుట్ బత్తా లేదు కాబట్టి చేతికి కాస్త తక్కువ వస్తోంది, అంతే. మా తోటి డ్రైవర్లలో చాలామందికి ఈ చట్టం సంగతి తెలియదు. భయంతో నాలాగే దాస్తారు. ఎవరు దొరికితే వాళ్లకి కూర్చోబెట్టి చెబుతున్నాను. ఇద్దరిని కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను కూడా.

ఇప్పుడు బస్టాండ్‌లో ఎంక్వయిరీ దగ్గర నా పని. మైకులో బస్సుల పేర్లు చెబుతాను. మొదటి వారం మైకు ముందు గొంతు పెగల్లేదు. గాజు అవతల నా బండి కనపడేది, వేరేవాళ్లు ఎక్కి తీసుకుపోయేవాళ్లు. ఆ హారన్ వినగానే నా కుడికాలు దానంతట అదే కదిలేది. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయకుండా ఇంటికి తెచ్చిన రోజులున్నాయి. ఇప్పుడు కొంచెం నయం. ఎర్రగొండపాలెం బస్సు ఎప్పుడని, కంభం బస్సు పోయిందా అని ముసలివాళ్లు వచ్చి అడుగుతారు. వాళ్లలో కళ్లు చిట్లించి బోర్డు చూసేవాళ్లను పట్టుకుని, పెద్దమ్మా షుగర్ చూపించుకున్నావా అని అడుగుతున్నాను. కొందరు విసుక్కుంటారు.

కార్తీకమాసంలో మీ అమ్మని తీసుకుని శ్రీశైలం వెళ్లాను. పెళ్లయ్యాక ఆ దారిలో ఇద్దరం పక్కపక్కన కూర్చుని వెళ్లడం అదే మొదటిసారి. ఇన్నేళ్లూ ఎప్పుడొచ్చినా ఆమె వెనక సీట్లో, నేను ముందు. దోర్నాల దాటాక ఆమె అడవి చూపిస్తూ పోయింది. అదిగో కోతులు, అదిగో వాగు అని. ఎన్ని వేల సార్లు తిరిగానో ఆ రోడ్డు, పక్కనున్న అడవిని ఎప్పుడూ చూడలేదు, రోడ్డే చూశాను.

శిఖరం దగ్గర దిగాం. నువ్వులు వేసి నంది కొమ్ముల మధ్యలోంచి శ్రీశైల శిఖరం చూస్తే మళ్లీ జన్మ ఉండదంటారు కదా. మీ అమ్మ చూసింది, దండం పెట్టుకుంది, పక్కకు జరిగి "మీరు చూడండి" అంది. వంగి చూశాను. తెల్లటి మసక తప్ప ఏమీ లేదు. "కనపడిందా?" అంది. కనపడింది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఏడాదిగా అలవాటైన మాట. వెనక జనం తోసుకొస్తున్నారు, కనపడిందంటే అయిపోతుంది.

"లేదు" అన్నాను.

అక్కడే మెట్ల మీద కూర్చుని డిసెంబరు నుంచి జరిగిందంతా చెప్పాను. మోటారు సైకిలు సంగతి, ఆ పాప సంగతి. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తిడుతుందనుకున్నాను. చివరికి "సరే, నేను చూశాగా" అని లేచి, నా చెయ్యి పట్టుకుని బస్సు దగ్గరికి నడిపించింది. నాకు నడవడానికి చెయ్యి అవసరం లేదు. అయినా ఊరుకున్నాను.

నీ కొత్త ఉద్యోగం గురించి మీ అమ్మ చెప్పింది. జీతం తక్కువని చెప్పడానికి మొహమాటపడుతున్నావట. ఎంతో చెప్పు. క్రెడిట్ కార్డు మీద ఎంత ఉందో కూడా చెప్పు, మోటారు సైకిలు అమ్మిన డబ్బు ముట్టుకోకుండా అలాగే ఉంది, అది నీదే. సంక్రాంతికి రాలేనన్నావు, సెలవు దొరకలేదన్నావు. అది నిజమో, నా మీద కోపమో నేను అడగను. మీ అమ్మ అరిసెలు చేసి నీ వాటా డబ్బాలో పెట్టింది.

ఈ నెలాఖరు శనివారం పొద్దున బస్సుకి సాగర్ మీదుగా ఇద్దరం హైదరాబాద్ వస్తున్నాం. బస్టాండ్‌కి రావొద్దు, మీ గది అడ్రస్ కండక్టర్‌కి చూపించి దిగుతాం. అరిసెలు, కందిపప్పు, చింతపండు తెస్తున్నాం. ఇంకేమైనా కావాలంటే ఫోన్ చెయ్యి.

ఈలోగా ఒక పని చేసి పెట్టు. నాయనమ్మకి, నాకు ఉంది కాబట్టి నీకు ఇరవై ఆరేళ్లే అయినా ఒకసారి హెచ్‌బీఏ1సీ చేయించుకో. 5.7 లోపు ఉంటే మంచిది, 6.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే షుగర్ అని అర్థం. ఎంత వచ్చినా, మంచిదైనా కాకపోయినా, ఆ రిపోర్టు ఉన్నదున్నట్టు నాకు పంపు. అక్షరాలు చిన్నవి, నాకు ఆనవు. మీ అమ్మ చదివి వినిపిస్తుంది.

ఆశీస్సులతో
మీ నాన్న