ఉగాది తర్వాత మా దగ్గర బొమ్మ తీసుకున్నవాళ్లకు ఒక మాట

ఉగాది నుంచి ఆగస్టు దాకా మా దగ్గర డిజిటల్‌గా బొమ్మ గీయించుకొని ప్రింటు తీసుకున్నవాళ్లు ఒకసారి ఫ్రేమ్ విప్పండి. ఫ్రేమ్ చెక్క కింద దాగిన రంగు అంచు మీద తడి వేలు రాసి చూడండి. వేలికి రంగు అంటితే నాకు ఫోన్ చేయండి. కొత్త ప్రింటు నేనిస్తాను, పైసా తీసుకోను.

ఆగస్టు మొదట్లో మిర్యాలగూడ నుంచి ఒకావిడ బొమ్మ పట్టుకొని వచ్చింది. ఆమె కూతురు లంగా ఓణీలో తంగేడు పూలు పట్టుకున్న బొమ్మ. "మా పాపకు కామెర్లయినట్టు కొడుతుంది అక్కా" అంది. నిజమే. ఓణీ గులాబీ వెలిసిపోయింది, బుగ్గల్లో ఎరుపు పోయి పసుపే మిగిలింది.

ముందు తప్పు నాదే అనుకున్నాను. స్క్రీన్ మీద మెరిసే గులాబీ ప్రింటులో కొంత చప్పబడుతుందని తెలుసు, అందుకే ప్రతి బొమ్మకూ ప్రింటు రంగులు ముందే సరిచూసుకుంటాను. రెండు రోజులు ఆ ఫైల్లో ఒక్కో లేయరూ, అంటే ఒక్కో పొరా, తీసి చూశాను. అందులో ఏ లోపమూ లేదు. అప్పుడు నిరుటి ప్రింటొకటి, ఈ ఏటి ప్రింటొకటి తీసుకొని, రెండిటికీ సగం అట్ట కప్పి, మా స్లాబు మీద 20 రోజులు ఎండలో పెట్టాను. అట్ట తీస్తే నిరుటిదానిలో గీత కూడా కనబడలేదు. ఈ ఏటిది మాత్రం నడిమికి రెండు బొమ్మల్లా చీలింది.

ప్రింటు వేసేది హైదరాబాద్‌లో ఒకాయన. అడిగితే ఆయన అన్నమాట: "నల్గొండ ఎండకు ఏ రంగు ఆగుతుంది మేడమ్?" ఇది నాకు ఇంకా మింగుడు పడటం లేదు. మన పాత జిల్లా పుట్టపాకలో తేలియా రుమాళ్లనే చేనేత గుడ్డల నూలును నూనెలో నానబెట్టి మరీ రంగు పట్టిస్తారు. రంగు నిలపడం గురించి మనకు చెప్పొచ్చాడు! నాలుగు ఫోన్ల తర్వాత ఒప్పుకున్నాడు: పిగ్మెంట్ ఇంకు బదులు చవకైన డై ఇంకు వాడాడు. పిగ్మెంట్ అంటే సన్నటి రంగు పొడి, కాగితం మీద కూర్చుంటుంది, ఎండకు తట్టుకుంటుంది. డై నీళ్లలో కరిగే రంగు, వెలుతురుకు త్వరగా వెలిసిపోతుంది. ఎప్పటి నుంచి మార్చాడో మాత్రం చెప్పడు. తడి వేలు పరీక్ష అందుకే.

ఆ ఐదు నెలల్లో మా దగ్గర నుంచి వెళ్లినవి 43 ప్రింట్లు. ఫిర్యాదు చేసింది ఒక్కరు. "వచ్చినవాళ్లకు ఇయ్యి, మిగతావాళ్లను ఎందుకు కెలుకుతావు" అన్నాడు మా ఆయన. నెల రోజులు నేనూ అట్లాగే నోరు మూసుకున్నాను, అది దాచను. దసరా ఆర్డర్లు చేతిలో ఉన్నాయి, 43 ప్రింట్లంటే నా రెండు నెలల మిగులు. కానీ పెన్సిల్ స్కెచ్‌ల ఫైలు తీసినప్పుడల్లా ఒక ముఖం కనబడేది. ఒక తాతది, కళ్ల దగ్గర రబ్బరు పెట్టి పెట్టి కాగితం పలచబడింది. చనిపోయిన మనిషి, ఒక్క పాత ఫొటో చూసి గీశాను. వాళ్ల గోడ మీద ఆయన కూడా పచ్చబడుతుంటాడా? ఆ రాత్రే లిస్టు రాశాను.

ఫైళ్లన్నీ ఏ3 సైజుకు 300 డీపీఐలో, అంటే ప్రింటుకు చాలినంత స్పష్టంగా, నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మళ్లీ గీయాల్సిన పని లేదు. పాత ప్రింటు తెచ్చివ్వండి, ఫ్రేమ్ మీరే ఉంచుకోండి. ఇప్పుడు వేరేచోట వేయిస్తున్నాను, బిల్లు మీద ఇంకు పేరు రాయించుకుంటున్నాను. దానివల్ల కొత్త ఆర్డర్లకు 150 రూపాయలు పెరిగింది, పది రోజులు ఎక్కువ పడుతుంది. పాతాయన 30 శాతం తగ్గిస్తానని ఫోన్ చేశాడు. ఊరికే వేసిచ్చినా పోను.

ఏ ఇంకయినా ఎదురెండలో పెట్టొద్దనే చెప్తాను. మిర్యాలగూడకు కొత్త బొమ్మ నిన్న వెళ్లింది. ఆమె దాన్నీ అదే కిటికీ ఎదురుగా తగిలించిందట. ఉండనీ, నేనూ చూస్తాను.