ఈమధ్య చదివినవి, నీకు చెప్పాలనిపించినవి

ఒరేయ్ నేస్తం,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. ఈమధ్య ఏం చదివావు, ఏవి బాగున్నాయి, రెండు ముక్కల్లో రాయి అన్నావు. రెండు ముక్కల్లో కుదరలేదురా, అందుకే ఆలస్యం. తీరిగ్గా కూర్చుని చదువు.

ముందు డార్విన్ సంగతి చెప్పాలి. వానపాముల మీద ఆయన రాసిన పుస్తకం చదివాను. 1881లో వచ్చింది, అదే ఆఖరి పుస్తకం, మరుసటి ఏడాదే పోయాడు. పరిణామ సిద్ధాంతంతో ప్రపంచాన్నంతా కుదిపేసిన మనిషి, డెబ్భై దాటాక కుండీల్లో వానపాముల్ని పెట్టుకుని రాత్రిళ్లు వాటిని చూస్తూ కూర్చున్నాడు. వాటికి వినబడుతుందేమోనని ఈల ఊది చూశారు, బసూన్ అనే ఊదే వాద్యం వాయించారు, పియానో వాయించారు. ఉలుకూ పలుకూ లేదు. అదే కుండీని తీసుకెళ్లి పియానో మీద పెట్టి ఒక్క మెట్టు నొక్కితే, చటుక్కున బొరియల్లోకి దూరిపోయాయి. అంటే చెవులు లేవు గానీ అదురు తెలుస్తుందన్నమాట. ఆకుల్ని ఏ కొస పట్టుకుని బొరియలోకి లాక్కుంటాయో చూడ్డానికి కాగితాల్ని సన్నటి త్రికోణాలుగా కత్తిరించి మట్టి మీద పరిచాడు. తెల్లారి చూస్తే ఎక్కువ భాగం మొన పట్టుకునే లాగాయట. వీటికీ కాస్త తెలివి ఉంది అని ఆయన ఎంత మర్యాదగా రాస్తాడో చూడాలి నువ్వు! ఆ పుస్తకం మూశాక నాకు చదవడంలోనే ఏదో మారింది. ఇప్పుడు ఏ పుస్తకం పట్టుకున్నా, రాసినవాడు ఎదురుగా ఉన్నదాన్ని ఎంతసేపు చూశాడు అనే చూస్తున్నాను.

అలా చూసే ఇంకో మనిషి ఆలివర్ శాక్స్. నరాల డాక్టరు. తన దగ్గరికొచ్చిన రోగుల గురించి 1985లో వేసిన పుస్తకంలో మొదటి కథ ఒక సంగీతం మాస్టారిది. కళ్లు బాగానే ఉన్నాయి, చూసింది మాత్రం ఏమిటో పోల్చుకోలేడు. వెళ్లిపోతూ టోపీ అనుకుని భార్య తల పట్టుకున్నాడు. తర్వాత డాక్టరు ఆయనకి ఒక గులాబీ ఇస్తే, మెలికలు తిరిగిన ఎర్రటి ఆకారం, దానికో పచ్చటి కాడలాంటిది అని వర్ణించాడు తప్ప గులాబీ అనలేదు. వాసన చూడండి అన్నారు. ముక్కు దగ్గర పెట్టుకోగానే మొహం వెలిగిపోయింది! ఆయన బట్టలు వేసుకోవడం, స్నానం, భోజనం అన్నీ ఏదో ఒకటి పాడుకుంటూనే చేస్తాడు. పాట తెగితే పనీ ఆగిపోతుంది. ఇంక మీ జీవితం మొత్తం సంగీతమే చేసుకోండి అన్నాడు డాక్టరు. ఇంతకన్నా మంచి మందుచీటీ నేనెక్కడా చదవలేదు.

నవలల్లోకి వస్తే, ‘వనవాసి’ మళ్లీ చదివాను. విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ బెంగాలీలో రాసిన ‘ఆరణ్యక’కి సూరంపూడి సీతారాం గారి తెలుగు. ఇరవై ఏళ్లప్పుడు చదివినప్పుడు అడవి, వెన్నెల, అంతే గుర్తుంది. ఈసారి గుండె బరువెక్కింది. సత్యచరణ్ ఆ అడవికి మేనేజరుగా వస్తాడు, మొదట్లో కలకత్తా మీద బెంగతో అల్లాడతాడు, నెమ్మదిగా ఆ చెట్లమీద ప్రేమ పుడుతుంది. కానీ అతని ఉద్యోగమే ఆ భూమిని కౌలుకివ్వడం, అంటే అడవిని కొట్టించడం. ప్రేమించేవాడి సంతకంతోనే అది పోతుంది. అందులో యుగళప్రసాద్ ఉన్నాడు, గుర్తున్నాడా? ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలు, విత్తనాలు తెచ్చి అడవిలో నాటుతుంటాడు. ఆ భూమి అతనిది కాదు, ఆ పూలు ఎవరు చూస్తారో తెలీదు, పైసా రాదు. పూస్తే బాగుంటుంది కదా అని నాటుతాడు. నాకు ఈ ఏడాది దొరికిన అందరిలో అతనంటేనే ఎక్కువ ఇష్టం.

కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’, హెమింగ్వే ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’ ఒకే వారంలో చదివాను, నువ్వూ అలాగే చదువు. ఒక ముసలాయన ఎనభై నాలుగు రోజులుగా ఒక్క చేపా పడక ఒంటరిగా సముద్రం మీదికి వెళ్తాడు. ఇంకో ముసలాయన ఇల్లు చేరని పంది కోసం చీకట్లో అడవిలోకి వెళ్తాడు. పోలిక అందరూ చెప్పేదే. నాకు మాత్రం మన ముసలాయనే దగ్గరగా అనిపించాడు. ఆయనకి పేరు కూడా లేదు, పుస్తకం పూర్తయ్యేసరికి మాత్రం మనింటి పెద్దాయన అయిపోయాడు.

‘అల్పజీవి’ దగ్గర నీతో గట్టిగా పోట్లాడతాను. సుబ్బయ్య పిరికితనం చూస్తే విసుగొస్తుంది అన్నావు చూడు, అది అన్యాయం. రావిశాస్త్రి ఆ భయాన్ని బయట నిలబడి చూపించడు, మనల్ని తీసుకెళ్లి సుబ్బయ్య బుర్రలో కూర్చోబెడతాడు. నీకొచ్చిన విసుగు సుబ్బయ్యకి తన మీద తనకున్నదే. ఇంకోసారి చదివి అప్పుడు చెప్పు.

‘ఏడు తరాలు’ సహవాసి అనువాదంలో ఒక్క రాత్రిలో అయిపోయింది. అలెక్స్ హేలీ చెప్పిన వంశవృక్షాన్ని తర్వాత చరిత్రకారులు ప్రశ్నించారు, ఆ సంగతి తెలిసే చదివాను. అయినా ఆఫ్రికా నుంచి అమెరికాకి బానిసగా పట్టుకొచ్చిన కుంటా కింటే నదిని చూపించి కూతురికి తన భాషలో ‘కాంబీ బొలాంగో’ అని నేర్పడం, ఆ మాట పెద్దల నుంచి పిల్లలకి తరాల పాటు అందుతూ రావడం మరిచిపోలేను. అన్నీ లాగేసుకున్నా రెండు మాటలు మిగిలాయి.

ఆన్ ఫ్రాంక్ డైరీ బళ్లో ఉన్నప్పుడు చదివి ఏడ్చాం కదా. పెద్దయ్యాక చదివితే ఇంకోటి కనబడింది. 1944 మార్చిలో, యుద్ధకాలపు డైరీల్ని తర్వాత సేకరిస్తామని రేడియోలో విని, ఆ పిల్ల తను రాసిందంతా ముందేసుకుని తిరగరాయడం మొదలుపెట్టింది. కొట్టేసింది, చేర్చింది, వాక్యాలు సరిచేసింది. పద్నాలుగేళ్ల రచయిత్రి ఆమె. ఆగస్టు 1న ఆఖరి పేజీ, 4న నాజీ పోలీసులు పట్టుకుపోయారు.

అగాథా క్రిస్టీ ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ రైల్లో చదివాను. బిగువుగా ఉంది, రెండోసారి చదవను. విజయానికి మెట్లు చెప్పే పుస్తకం ఒకటి ఎవరో ఇస్తే నలభై పేజీల దగ్గర ఆపేశాను. నామిని ‘మిట్టూరోడి కథలు’ మాత్రం మనసులో చదవకు, పైకి చదువు. ఆ యాస చెవిన పడితేనే ఆ మనుషులు లేచి నడుస్తారు.

ఇప్పుడు బల్ల మీద ‘కొల్లాయిగట్టితేనేమి’ ఉంది, ఇంకా మొదట్లోనే ఉన్నాను. అది అయ్యేలోపు నువ్వు ‘వనవాసి’ మళ్లీ మొదలుపెట్టు. యుగళప్రసాద్ వచ్చే పేజీ దగ్గర ఆగి, నాకో ముక్క రాసి, ఆ తర్వాతే ముందుకెళ్లు.

ఉంటానురా,
నీ నేస్తం