ఉపాధి ఉపసంఘం వార్షిక నివేదిక 2024–25: మూలవాసుల గృహ సంస్థల్లో ఉద్యోగాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఐటీ కాకుండా ఇంకేదైనా దారి చూపించమని చాలామంది సభ్యులు అడుగుతూ వస్తున్నారు. అందుకే ఈ ఏడాది పది రంగాల గురించి పైపైన చెప్పకుండా ఒకే రంగం తీసుకున్నాం: మెట్రో వాంకూవర్‌లోనూ బీసీ అంతటా మూలవాసులే స్థాపించి, మూలవాసుల బోర్డులే నడుపుతున్న తక్కువ అద్దె ఇళ్ల సంస్థలు. రెజ్యూమె శిబిరాలు, భవన నిర్వహణ మీద శనివారం తరగతులు, జమాఖర్చుల మీద ఒక సాయంత్రం, పిల్లలకు అప్రెంటిస్‌షిప్ పరిచయం జరిగాయి. ఖర్చులు కోశాధికారి నివేదికలో చూడవచ్చు. రాలేకపోయినవాళ్ల కోసం తరగతుల సారం ఇక్కడ ఇస్తున్నాం.

ముందు మాటల సంగతి. ఇక్కడ బీసీ అంటే బ్రిటిష్ కొలంబియా. ‘ఇండియన్ యాక్ట్’ అంటే 1876 నాటి కెనడా చట్టం, మన గురించి కాదు. తరగతిలో ఈ రెండింటికీ నవ్వుకున్నాం కానీ, ఇంటర్వ్యూలో ‘ఇండియన్స్’ అని నోరు జారితే ఎవరూ నవ్వరు. చట్టం పేరులో తప్ప ఆ మాట వాడకండి. 1982 రాజ్యాంగ చట్టం 35వ సెక్షన్ గుర్తించిన మూడు సమూహాలను ఇవాళ ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ అంటున్నారు. అవతలివాళ్లు తమ నేషన్ పేరు చెబితే ఆ పేరుతోనే ప్రస్తావించండి.

ఈ సంస్థలు ఎలా పుట్టాయి

రిజర్వులు, అంటే ఫస్ట్ నేషన్స్ కోసం కేటాయించిన భూములు, వదిలి నగరాలకు వచ్చిన కుటుంబాలకు అద్దె ఇల్లు దొరకడమే గగనమైన రోజుల్లో, 1970లో విన్నిపెగ్‌లో కినూ హౌసింగ్ మొదలైంది. నగరాల్లో మూలవాసులు తమకోసం తామే పెట్టుకున్న గృహ సంస్థల్లో దేశంలో ఇదే మొదటిది. 1978 నుంచి కేంద్ర ప్రభుత్వం నగర మూలవాసుల గృహ పథకం కింద నిధులిచ్చింది. వాంకూవర్‌లో లూమా నేటివ్ హౌసింగ్ సొసైటీ 1980లో, వాంకూవర్ నేటివ్ హౌసింగ్ సొసైటీ 1984లో, విక్టోరియాలో మకోలా 1984లో వచ్చాయి. 1993లో కేంద్రం రిజర్వుల బయట కొత్త సామాజిక గృహాలకు డబ్బు ఆపేసింది. ఇవాళ కనిపించే కొరతకు బీజం అక్కడే పడిందని ఈ రంగంలోని వాళ్లంటారు, మా అభిప్రాయమూ అదే. 1996లో బీసీలోని సంస్థలన్నిటికీ గొడుగుగా అబొరిజినల్ హౌసింగ్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్ ఏర్పడింది. దీన్ని అందరూ ‘ఆమా’ అంటారు.

ఇప్పుడు ఉద్యోగాలు పెరగడానికి కారణం డబ్బు మళ్లీ రావడమే. 2018లో బీసీ ప్రభుత్వం పదేళ్లలో 1,750 ఇళ్ల కోసం 55 కోట్ల డాలర్ల నిధి ప్రకటించింది. రిజర్వు లోపలి ఇళ్లకు కూడా ఒక ప్రావిన్స్ డబ్బు పెట్టడం అదే మొదలు. 2023 కేంద్ర బడ్జెట్‌లో నగర, గ్రామీణ, ఉత్తర ప్రాంతాల మూలవాసుల ఇళ్లకు ఏడేళ్లలో 400 కోట్ల డాలర్లు కేటాయించారు. అవసరం ఎంతో 2021 జనాభా లెక్కలు చెబుతాయి: మూలవాసుల్లో 16.4 శాతం మంది పెద్ద మరమ్మతులు కావలసిన ఇళ్లలో ఉన్నారు, మిగతా జనంలో అది 5.7 శాతం.

రిజర్వు లోపల, బయట

ఈ తేడా తెలియకుండా దరఖాస్తు పెట్టకండి. నగరంలోని సంస్థ సొంత భవనాన్ని తాకట్టు పెట్టి అప్పు తేగలదు. రిజర్వు భూమి విషయంలో ఇండియన్ యాక్ట్ 89వ సెక్షన్ అడ్డు వస్తుంది: అక్కడి ఫస్ట్ నేషన్స్ ఆస్తిని బయటివాళ్లు జప్తు చేయలేరు. మన ఏజెన్సీలోని 1/70 చట్టం గుర్తొస్తుంది కదా! రెండిటి వివరాలు వేరు, కానీ భూమి చేజారకుండా కాచే నియమమే బ్యాంకు అప్పుకు అడ్డం పడటం రెండు చోట్లా ఉంది. అందుకే రిజర్వుల్లో అప్పుకు చాలావరకు కేంద్ర మంత్రిత్వశాఖ హామీపత్రం కావాలి. ఆ కాగితం రావడానికి పట్టే కాలం లెక్కేసుకోని ప్రాజెక్టు ఎండాకాలం దాటిపోయి, పునాది తవ్వేసరికి వానలు మొదలవుతాయి.

తరగతుల్లో పదేపదే వచ్చిన ప్రశ్న: రిజర్వులో పనిచేస్తే ఆదాయపు పన్ను ఉండదా? ఇండియన్ యాక్ట్ 87వ సెక్షన్ మినహాయింపు ‘స్టేటస్’ ఉన్న, అంటే ఆ చట్టం కింద నమోదైన, ఫస్ట్ నేషన్స్ సభ్యులకే వర్తిస్తుంది. మనకు పన్ను మామూలే.

ఏ ఉద్యోగాలు, వాటిలో ఏం తెలియాలి

అద్దెదారుల విభాగంలో పని అద్దె లెక్కతో మొదలవుతుంది. ఆదాయాన్ని బట్టి కట్టే అద్దె సాధారణంగా కుటుంబం స్థూల ఆదాయంలో 30 శాతం. నెలకు 3,200 డాలర్లు వస్తే అద్దె 960. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు చేతికొచ్చిన జీతం మీద లెక్కకట్టడం. రెండో తప్పు, మధ్యలో ఉద్యోగం పోతే కొత్త పత్రాలు తీసుకుని అద్దె తిరిగి లెక్కించకపోవడం. అప్పుడు బాకీ పేరుకుని, ఇల్లు ఖాళీ చేయించే దాకా పోతుంది. ప్రభుత్వ సాయం మీద బతికేవాళ్లకు లెక్క వేరు: ఒంటరి వ్యక్తికి ఇంటి భత్యం 2023 జూలై నుంచి నెలకు 500 డాలర్లు, అద్దె కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

గదుల లెక్క మనకు తొందరగా అర్థమవుతుంది, ఇబ్బందీ తొందరగానే అర్థమవుతుంది. జాతీయ ప్రమాణం ప్రకారం ఒక పడకగదిలో ఇద్దరికి మించకూడదు, అయిదేళ్లు దాటిన అన్నాచెల్లెళ్లకు వేరు గదులుండాలి. కానీ మనవలను పెంచుతున్న అమ్మమ్మ ఇంటికి ఆసుపత్రి పని మీద చుట్టాలొచ్చి నెలలు ఉంటారు. అది అక్కడ నేరం కాదు, కుటుంబం. మూలవాసుల సంస్థలు తమ విధానాలను దీనికి తగ్గట్టు రాసుకున్నాయి. ఉద్యోగి ఆ విధానం చదవాలే తప్ప, వేరే కంపెనీలో నేర్చుకున్న నిబంధనలు తెచ్చి రుద్దకూడదు. రిజర్వు లోపలి నేషన్ ఇళ్లకు ప్రావిన్స్ అద్దె చట్టం కాక, ఆ నేషన్ సొంత గృహ విధానం వర్తిస్తుంది.

భవన నిర్వహణకే ఎక్కువ శనివారాలు కేటాయించాం, ఎందుకంటే మనుషులు దొరకనిది ఇక్కడే. ప్రధాన సమస్య బూజు. దాన్ని తుడిచి పైన రంగు వేసేస్తే మూడు నెలల్లో మళ్లీ వస్తుంది, ఎందుకంటే అసలు జబ్బు తేమ. చలికాలంలో ఇంటి లోపల తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. చిన్న తేమ మీటరుతో చూడండి. ఎక్కువగా ఉంటే స్నానాల గది ఫ్యాను వేసి, జాలీకి ఒక టిష్యూ కాగితం అంటించండి. కాగితం నిలవకపోతే గాలి లాగడం లేదన్నమాట. నిలిచినా అంతటితో ఆగకుండా అటకెక్కి గొట్టాన్ని చివరిదాకా వెంబడించండి. చాలాసార్లు అది ఊడిపోయి ఆవిరంతా అటకలోకే వదులుతుంటుంది. కొన్నిచోట్ల గొట్టం మధ్యలో వేలాడి నీళ్లు నిలుస్తాయి, కొన్నిచోట్ల చుట్టూ ఇన్సులేషన్ లేక చలికి ఆవిరి నీరై తిరిగి ఫ్యానులోకి కారుతుంది. బయటి మూత తెరుచుకోకుండా దుమ్ము పట్టి ఉండటమూ మామూలే.

తర్వాత హెచ్‌ఆర్‌వీ, అంటే లోపలి వేడి పోకుండా గాలిని మార్చే యంత్రం. దాని ఫిల్టర్లు రెండు మూడు నెలలకోసారి కడగాలి. దాన్ని అద్దెదారులు ఆపేశారని ఫిర్యాదు రాసే ముందు ఎందుకు ఆపారో అడగండి. సరిగా సర్దుబాటు చేయని యంత్రం చల్లగాలి కొడుతుంది, మోత పెడుతుంది, కరెంటు బిల్లు పెంచుతుంది. ఎవరైనా ఆపేస్తారు. ఆ తర్వాత బయటికి వెళ్లి వాననీటి గొట్టం గోడ మొదట్లోనే నీరు వదులుతోందా, నేల వాలు ఇంటివైపుకు ఉందా చూడాలి. ఇంట్లో మనుషులు ఎక్కువ ఉండటం వల్ల ఆవిరి పెరగడం నిజమే కానీ, తప్పు వాళ్ల మీదికి నెట్టే ముందు ఇవన్నీ చూసి ఉండాలి.

బూజు మచ్చలు మూడుకు మించక, ఒక్కొక్కటి చదరపు మీటరు లోపే ఉంటే చేతి తొడుగులు, కళ్లద్దాలు, ఎన్95 మాస్కు పెట్టుకుని వాసన లేని డిటర్జెంటు నీళ్లతో శుభ్రం చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వ గృహ సంస్థ సీఎంహెచ్‌సీ సూచనల్లో బ్లీచ్ వద్దని ఉంది. మూడు చదరపు మీటర్లు దాటితే శిక్షణ పొందిన నిపుణులను పిలవాలి.

1990కి ముందు కట్టిన ఇల్లయితే గోడకు రంధ్రం వేసే ముందే ప్రమాదకర పదార్థాల సర్వే ఉండాలి. గచ్చు మీది పాత వినైల్, సీలింగ్ పూత, అటకలో ఇన్సులేషన్‌గా పోసిన వర్మిక్యులైట్, అన్నిటిలోనూ ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. 2024 జనవరి 1 నుంచి బీసీలో ఆస్‌బెస్టాస్ తొలగించే కాంట్రాక్టర్‌కు లైసెన్సు, పనివాళ్లకు ధ్రువపత్రం తప్పనిసరి. నగర సంస్థల ఇళ్లు చాలావరకు ఆ కాలపువే కాబట్టి ఈ శిక్షణ ఉన్నవాళ్లకు గిరాకీ ఉంది.

అకౌంటెంట్లకు రెండు విషయాలు. లాభం లేని సంస్థల ఖాతాల్లో ఏ నిధి దేనికిచ్చారో అది దానికే. రూఫు కోసం దాచిన నిల్వతో జీతాలిస్తే ఆడిటర్ కంటే ముందు నిధులిచ్చినవాళ్లు పట్టుకుంటారు. ఉదాహరణకు 18,000 డాలర్ల పైకప్పు 20 ఏళ్లు వస్తుందనుకుంటే ఏటా 900 పక్కన పెట్టాలి, ఆ ఒక్క వస్తువుకే. వేడినీళ్ల ట్యాంకు పది పన్నెండేళ్లకే పోతుంది. రెండోది, సంస్థలకు సబ్సిడీ ఇచ్చే పాత నిర్వహణ ఒప్పందాల గడువు ముగియడం. ఇంటి అప్పు తీరిపోయింది కదా అని సంతోషిస్తారు, కానీ అదే రోజు సబ్సిడీ కూడా ఆగుతుంది. 30 శాతం అద్దెలతో నలభై ఏళ్ల ఇంటి మరమ్మతులు గట్టెక్కవు. ఈ లెక్కను ముందే అయిదారేళ్లకు వేసి బోర్డుకు చూపించగలిగినవాళ్లకు ఈ రంగంలో మంచి విలువ ఉంది.

సివిల్ ఇంజనీర్లకు ఒక మంచి మార్పు. బీసీ విదేశీ అర్హతల గుర్తింపు చట్టం 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. ఇంజనీరింగ్ సహా 29 వృత్తులకు వర్తిస్తుంది, కెనడా పని అనుభవం ఉండి తీరాలనే షరతు తీసేశారు. అనుభవాన్ని నిరూపించే పత్రాలు మాత్రం హైదరాబాద్, విజయవాడ కంపెనీల నుంచి ఇప్పుడే తెప్పించుకోండి, పాత మేనేజరు మారిపోయాక ఎవరూ సంతకం పెట్టరు.

డేటా పనిచేసేవాళ్లు ‘ఓకాప్’ సూత్రాలు చదవాలి: సమాచారానికి యాజమాన్యం, నియంత్రణ, అందుబాటు, స్వాధీనం, నాలుగూ ఫస్ట్ నేషన్స్‌వే. అద్దెదారుల జాబితాను సొంత ల్యాప్‌టాప్‌లోకి దించుకుని డ్యాష్‌బోర్డు తయారుచేయడం ఇక్కడ చొరవ అనిపించుకోదు.

కాలేజీకి వెళ్లనంటున్న పిల్లలకు వడ్రంగం, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ అప్రెంటిస్‌షిప్‌లు ఉన్నాయి. 6,000 గంటలు, కొన్నిటికి అంతకు పైగా పని, మధ్యలో నాలుగు స్థాయిల తరగతులు, చివర దేశమంతా చెల్లే రెడ్ సీల్ ధ్రువపత్రం. మొదటి రోజు నుంచే జీతం వస్తుంది. కొందరు తల్లిదండ్రులు ముఖం చిట్లించారు. పిల్లలు కాదు.

దరఖాస్తులు ఎక్కడ తప్పాయి

ప్రకటనలో ‘మూలవాసులకు ప్రాధాన్యం’ అని ఉంటే అది అన్యాయం కాదు. బీసీ మానవ హక్కుల చట్టం 42వ సెక్షన్ దీనికి వీలు కల్పిస్తుంది. తమ ఇళ్లను తమవాళ్లే నడపాలన్నదే ఈ సంస్థల ఉద్దేశం. మనం తగేది మనుషులు దొరకని చోట, అదీ పని నేర్పి పక్కకు జరగడానికి సిద్ధమైతేనే. ‘వెనుకబడిన వారికి సేవ చేయాలని ఉంది’ అనే వాక్యం శిబిరంలో చూసిన చాలా లేఖల్లో ఉంది. దాన్ని కొట్టేసి, ఏం చేయగలరో రాయించాం.

భూమి గుర్తింపు వాక్యం, అంటే ఆ నేల ఏ నేషన్‌దో ఒప్పుకుంటూ రాసే మాట, ఇంకో చోటి నుంచి అతికించకండి. వాంకూవర్‌కు రాసేటప్పుడు మస్క్వియం, స్క్వామిష్, స్లేల్‌వాతూత్ పేర్లు వస్తాయి, విక్టోరియా ఉద్యోగానికి అవే పేర్లు రాస్తే చదవలేదని తెలిసిపోతుంది. పిల్లలు, వృద్ధులు ఉండే భవనాల్లో పనికి నేరచరిత్ర తనిఖీ ఉంటుంది. వేలిముద్రలు అడిగితే ఇంకా ఆలస్యమవుతుంది కాబట్టి ఆఫర్ రాగానే మొదలుపెట్టండి. నిర్వహణ ఉద్యోగాలకు పూర్తి క్లాస్ 5 లైసెన్సు, డ్రైవింగ్ రికార్డు పత్రం అడుగుతారు. కొత్త డ్రైవర్లకిచ్చే ‘ఎన్’ గుర్తు లైసెన్సుతో పంపిన దరఖాస్తులు అక్కడే ఆగాయి.

వచ్చే ఏడాదికి

భవన నిర్వహణ తరగతి కొనసాగుతుంది. తేమ మీటర్లు, ఒక పాత హెచ్‌ఆర్‌వీ యంత్రం కొనడానికి బడ్జెట్‌లో ప్రతిపాదన పెట్టాం, సర్వసభ్య సమావేశంలో ఓటుకు వస్తుంది. అప్పుల హామీపత్రాల మీద ఒక సాయంత్రం పెట్టాలని ఉంది. దాన్ని చెప్పేది ఈ రంగంలో పనిచేసే ఫస్ట్ నేషన్స్ నిపుణులే కావాలి, వాళ్లకు సముచిత పారితోషికం ఇవ్వాలి, ఉచితంగా రమ్మని అడగడం లేదు. అటకెక్కగలిగిన స్వచ్ఛంద శిక్షకులు ఇద్దరు కావాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు జమాఖర్చుల బృందానికి పేరు ఇవ్వండి.