టవర్ లేని చోట బ్రేక్ దర్శనాలు వద్దు

సంపాదకుడికి,

కుప్పం విమానాశ్రయం మాట వచ్చినప్పుడల్లా భూమి ఎంత, పరిహారం ఎంత అన్న చర్చే. అక్కడ కంట్రోల్ టవర్ ఉంటుందా, లేకపోతే విమానాలు ఏ వరుసలో దిగుతాయి అని అడిగినవారు నాకు కనబడలేదు. రేణిగుంట విమానాశ్రయంలో టవర్ ఉంది కాబట్టి మనకు ఆ బెంగ తెలియదు.

మా అన్నయ్య కూతురు అమెరికాలో పైలట్ శిక్షణ పొందుతోంది. అక్కడ టవర్ లేని విమానాశ్రయాలే ఎక్కువ. ఎవరెక్కడున్నారో పైలట్లే రేడియోలో చెప్పుకుంటూ, సుమారు 1,000 అడుగుల ఎత్తున రన్‌వేను చుట్టి వచ్చి దిగుతారు. ఆ చుట్టే సర్క్యూట్. మలుపులు మామూలుగా ఎడమకే. కెప్టెన్ ఎడమ సీటులో ఉంటాడు కనుక రన్‌వే అతని కంటికి ఆనుతుంది. (మన ప్రదక్షిణకు ఇది సరిగ్గా తిరగేసిన పద్ధతి!) కొత్తగా వచ్చే విమానం ముందే ఆ ఎత్తుకు దిగి, సర్క్యూట్‌లో రన్‌వేకు సమాంతరంగా సాగే డౌన్‌విండ్ అనే పక్క మధ్యభాగంలోకి 45 డిగ్రీల కోణంలో చేరాలి. పైనుంచి దిగుతూ చొరబడితే, కిందనున్న విమానం తన ముక్కు చాటునే ఉండిపోయి కనబడదు.

చిక్కంతా చుట్టు తిరగకుండా దూరం నుంచి తిన్నగా రన్‌వే మీదికి వచ్చేవారితోనే. క్యూలో గంటలు గడిపిన తిరుపతివాళ్లకు ఈ బ్రేక్ దర్శనం గురించి వేరే చెప్పాలా? 2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో, సర్క్యూట్‌లో ఉన్న చిన్న సెస్నా 152ను తిన్నగా దూసుకొచ్చిన రెండింజన్ల సెస్నా 340 ఢీకొంది. దాని వేగం గంటకు సుమారు 330 కిలోమీటర్లు. ముగ్గురు చనిపోయారు. ఇద్దరు పైలట్లూ రేడియోలో మాట్లాడుతూనే ఉన్నారు.

మరుసటి ఏడాది అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ తన సూచనలను సవరించింది. తిన్నగా రావడాన్ని మాత్రం నిషేధించలేదు, వరుసను చెదరగొట్టవద్దని చెప్పి ఊరుకుంది. నాకది చాలదనిపిస్తోంది. మబ్బు పట్టిన రోజు పరికరాల సాయంతో దిగేవారికి తిన్నని దారి అవసరమే, కాదనను. ఎండ కాస్తున్న రోజు కూడానా?

కుప్పంలో తొలి విమానం దిగకముందే, టవర్ పనిచేయని వేళల్లో తిన్నగా వచ్చే విమానమే సర్క్యూట్‌లో ఉన్నవాటికి దారి ఇవ్వాలని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన రాయాలి. మీ విలేకరులు ఈసారి ఎకరాల లెక్కతో పాటు ఈ సంగతి కూడా అధికారులను అడగాలని నా మనవి.

— ఒక పాఠకుడు, తిరుపతి