నడుంనొప్పి నింద సూది మీదేనా?

సంపాదకులకు నమస్కారం.

మా చెల్లెలికి ఎనిమిదో నెల. కాన్పు నొప్పులు తెలియకుండా వెన్నులో వేసే మత్తు సూది, అంటే ఎపిడ్యూరల్, తీసుకుంటావా అని డాక్టరు అడిగితే వద్దని చెప్పి వచ్చింది. కారణం నేనే. "ఆ సూది వేయించుకున్నాకే అక్క నడుం పోయింది" అన్న మాట మా ఇంట్లో ఆరేళ్లుగా నడుస్తోంది. మొదట అన్నది నేనే కాబట్టి, దాన్ని దిద్దాల్సిందీ నేనే.

నా మొదటి కాన్పులో పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డాక వెన్నులో సూది వేశారు. ఆ తర్వాత ఏడాదిపాటు నడుంనొప్పి. సూది పడిన చోటు వేలు పెట్టి చూపించగలను, అంత గుర్తు. ఇక వేరే కారణం ఎందుకు వెతుకుతాం? చివరికి ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే, పాపకు ఎలా పాలిస్తారో చూపించమంది. పాపను పైకి ఎత్తుకోకుండా నేనే పాప మీదికి వంగిపోయాను. "రోజుకు ఎన్నిసార్లు ఇలా?" అంది. ఎనిమిదో, పదో. నొప్పి ఎక్కడో చూపమంటే నా చెయ్యి తుంటి దగ్గరికి వెళ్లింది. సూది పడింది దానికి బెత్తెడు పైన! కూర్చునే తీరు మార్చుకుని, ఆవిడ నేర్పిన వ్యాయామాలు చేశాక రెండు మూడు నెలల్లో తేరుకున్నాను. నొప్పి పోయింది గానీ మాట ఉండిపోయింది.

ఈ భయం ఉత్తినే పుట్టలేదు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో 11 వేల మందికి పైగా తల్లులను అడిగి చేసిన అధ్యయనం 1990లో వచ్చింది. ఎపిడ్యూరల్ తీసుకున్నవారిలో దాదాపు 19 శాతం మందికి, తీసుకోనివారిలో పదిన్నర శాతం మందికి కాన్పు తర్వాత ఎక్కువకాలం నడుంనొప్పి ఉందని తేలింది. అందరికీ గుర్తుండిపోయింది ఇంతే. ముందే అనుకుని చేసిన సిజేరియన్‌కు ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్లలో ఆ తేడా లేదన్న సంగతీ అందులోనే ఉంది. అక్కడ పడిందీ అదే సూది కదా! నొప్పులు పడేటప్పుడు మొద్దుబారిన నడుంతో గంటల తరబడి ఒకే భంగిమలో ఉండిపోవడం కారణమై ఉండొచ్చని ఆ పరిశోధకులే అన్నారు. పైగా కాన్పు కష్టమైనవాళ్లే ఎపిడ్యూరల్ ఎక్కువగా అడుగుతారు. ఆ తర్వాత తల్లులను చీటీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు ఎపిడ్యూరల్, మరో గుంపుకు వేరే మందు ఇచ్చి, రెండేళ్ల దాకా గమనించిన అధ్యయనంలో తేడా కనబడలేదు. ఇలాంటివన్నీ కలిపి చూసిన కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల సంస్థ 2018 నాటి సమీక్షా అదే చెప్పింది.

గర్భిణుల్లో సుమారు సగం మందికి నడుంనొప్పి కాన్పుకు ముందే మొదలవుతుంది. హార్మోన్ల వల్ల కీళ్ల దగ్గరి కట్లు వదులవుతాయి, బరువు ముందుకు లాగుతుంది, పొట్ట కండరాలు సాగి విడిపోతాయి. బిడ్డ పుట్టిన మర్నాడు అవన్నీ సర్దుకోవు.

సూదికి ఏ ఇబ్బందీ లేదని నేను అనను. గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పిగా ఉంటుంది. దాదాపు వందలో ఒకరికి సూది వెన్నుపాము చుట్టూ ఉండే పొరకు తగలొచ్చు, వాళ్లలో చాలామందికి లేచి కూర్చుంటే తీవ్రమైన తలనొప్పి వస్తుంది. జ్వరంతో పాటు నడుంనొప్పి పెరుగుతున్నా, కాళ్లలో బలం తగ్గుతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి. ఇది చాలా అరుదు, కానీ ప్రతి తల్లికీ తెలిసి ఉండాలి.

నా బాధల్లా ఒకటే. బాలింత నడుం నొప్పి అనగానే "ఆ సూది వల్లే" అనేసి ఊరుకుంటున్నాం. దాంతో ఆమె నడుం ఎవరూ పరీక్షించరు. మరోపక్క కాన్పుకు వెళ్లే ఆడపిల్ల ఆ మాట విని, ఉపశమనం ఉండీ వద్దనుకుంటుంది. నొప్పులు పడుతున్న మనిషి ముందు సంతకం కాగితం పెట్టి ఇవన్నీ వివరిస్తే ఏం అర్థమవుతుంది? ఏడో నెల చెకప్‌లోనే మత్తు డాక్టరుతో మాట్లాడించాలి. కాన్పు తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు కుట్లతో పాటు నడుమూ చూడాలి. మీ ఆరోగ్యం పేజీలో ఒక మత్తు డాక్టరు చేత, ఒక ఫిజియోథెరపిస్టు చేత దీని గురించి రాయించమని కోరుతున్నాను.

చెల్లెలు వచ్చే వారం మళ్లీ చెకప్‌కు వెళ్తోంది. ఎపిడ్యూరల్ తీసుకోవడం, మానడం తనిష్టం. నా నడుం సంగతి మాత్రం ఆ లెక్కలోంచి తీసేయమన్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు