పాలిపోవడం అని ఎప్పుడంటాం?

అమ్మలూ,

నీ అనువాదం చదివాను. నడక బాగుంది. ఇంగ్లీషులో 'పేల్' (pale) కనబడిన ప్రతిచోటా 'పాలిపోయిన' అని పెట్టేశావు, చిక్కంతా అక్కడే. కథలో ఆ పిల్ల పుట్టుకతోనే తెల్లన. 'పాలిపోయిన చర్మం' అంటే ఆమెకేదో జబ్బు చేసిందనుకుంటారు.

మాట చివర 'పోవు' ఉంది చూడు. ఎండిపోవు, వాడిపోవు లాగే ఇదీ ఉన్నదేదో పోయిందని చెబుతుంది. మనిషికి తనదంటూ ఉన్న రంగులోంచి ఎరుపు తగ్గితేనే పాలిపోవడం. అందుకే పుట్టు ఛాయకు అది నప్పదు; అక్కడ 'తెల్లని ఛాయ' చాలు, కాస్త బంగారు రంగు కలిస్తే 'పసిమి ఛాయ'.

నల్లటివాళ్ళు పాలిపోరా? పాలిపోతారు, కాకపోతే తెల్లబడరు. చర్మం బూడిద రంగుకు తిరుగుతుంది. చామనచాయవాళ్ళలో కాస్త పసుపు పొడ కనిపిస్తుంది. రక్తహీనతను గుర్తుపట్టడానికి డాక్టర్లు బుగ్గలతో సరిపెట్టుకోరు. కింది రెప్పను కిందికి లాగి లోపలి పొర చూస్తారు, నాలుక, గోళ్ళు, అరచేతులు చూస్తారు. అక్కడ చర్మపు రంగు అంతగా అడ్డురాదు, నెత్తురు ఎరుపే తెలుస్తుంది. నువ్వు కూడా నల్లటి పాత్ర గురించి రాసేటప్పుడు పెదవులో గోళ్ళో పాలిపోయాయని రాయి, నమ్మకంగా ఉంటుంది. పెదవులు నీలబడ్డాయని మాత్రం రాయకు, అది ప్రాణవాయువు అందనప్పటి మాట. కళ్ళు పచ్చబడితే కామెర్లు.

భయంతోనూ ముఖం పాలిపోతుంది, చర్మంలోని సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి కాబట్టి. ఆ సందర్భానికి 'కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు' అన్న పలుకుబడి ఉండనే ఉంది, వాడుకో. అవమానానికో ఆశాభంగానికో అయితే ముఖం 'వెలవెలబోయింది'. 'తెల్లబోయింది' అన్నావా, ఇప్పటి వాడుకలో అది రంగు గురించిన మాట కాదు. ఏం చేయాలో తోచక నిలబడిపోయిందని అర్థం. నువ్వు జ్వరపడి లేచిన మనిషిని తెల్లబోయేలా చేశావు, నాకు నవ్వాగలేదు.

మొక్కల ఆకులకు పాలిపోవడం చెల్లుతుంది, ఆ వాక్యం మార్చకు. ఐదో పేజీలో 'పాలిపోయిన చొక్కా' మాత్రం తీసెయ్. బట్ట వెలిసిపోతుంది.

మీ నాన్న